గడ్డకట్టిన ట్రాక్ మీద 400 మీటర్ల ఇంటర్వెల్స్: చలిదేశాల్లో పరుగెత్తినవారి సలహా కావాలి

కోనసీమ మేష్టారు, అమలాపురం

అందరికీ నమస్కారం. నేను వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. ఇప్పటికీ రెండు పూటలా మా ఊరి మైదానంలో సున్నంతో గీతలు వేయించి పిల్లల చేత పరుగు సాధన చేయిస్తున్నాను. నా మేనకోడలు అమెరికాలోని మినియాపొలిస్‌లో చదువుకుంటోంది. ఏప్రిల్‌లో హాఫ్ మారథాన్ పరుగెత్తాలన్న పట్టుదలతో వారానికొక ఇంటర్వెల్ సాధనను, అంటే గట్టి పరుగు, మధ్యలో తేలిక పరుగు మార్చి మార్చి చేసేదాన్ని, నా చేత రాయించుకుంటోంది. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, సాయంత్రం ఆరున్నరకు పిల్లలను ఇళ్లకు పంపి నేను ఫోను తీసేసరికి ఆమెకు ఉదయం ఏడవుతుంది.

పోయిన గురువారం ఆ వేళకే ఆమె "మావయ్యా, రాత్రి మంచు పడింది, ట్రాక్ మీద కూడా ఉంది, ఏం చేయమంటారు?" అని అడిగింది. ఇది ధనుర్మాసం. ఆ రోజు పొద్దున్న మా మైదానంలోనూ అవతలి గోల్‌పోస్టు కనిపించనంతగా మంచు పట్టింది, నా మనసులో ఆ మంచే ఉంది. "ఫరవాలేదమ్మా, చూసుకుంటూ పరుగెత్తు. 400 మీటర్లు 8 సార్లు, ఒక్కొక్కటి 92 సెకన్లలో, మధ్యలో 200 మీటర్లు తేలికగా జాగింగ్" అని పంపాను. మూడోసారి మలుపు తిరుగుతూ ఆమె జారి పడింది. మణికట్టు బెణికింది, తుంటి మీద అరచేయంత మేర కమిలింది. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలేవరకు ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

మనకు పొగమంచూ మంచే, గడ్డిపరక మీద బొట్టూ మంచే, అక్కడ నేలను కప్పి రాయిలా బిగుసుకునేదీ మంచే. ఆమె ఒకటి చెబితే నేను ఇంకొకటి విన్నాను. పిల్లను పరుగెత్తమని చెప్పే ముందు నేల ఎలా ఉందని అడగడం నా వృత్తిలో మొదటి పాఠం, దాన్ని నేనే మరిచాను. తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే చలి అనుకునే ఊళ్లో ఉండి, సున్నాకు ఎంతో దిగువనున్న ఊరికి సాధన రాస్తున్నాను. అక్కడ కాలి కింద ఏముంటుందో, అలాంటి నేల మీద వేగ సాధన అసలు చేయవచ్చో లేదో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

పాలకొల్లు పరుగు, పాలకొల్లు

మేష్టారూ, నేను ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లోని ఔలులో ఆరు చలికాలాలు గడిపి తిరిగి వచ్చాను. ఔలు 65వ అక్షాంశం దగ్గర ఉంది, డిసెంబరు చివర పగలు సుమారు మూడున్నర గంటలే. మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. "మంచు పడింది" అన్న మాట విని అక్కడ ఎవరూ నిర్ణయం తీసుకోరు, ఏ మంచు అని అడుగుతారు.

కొత్తగా పడి ఇంకా తొక్కుడు పడని పొడిమంచు, బాగా చలిగా ఉన్న రోజున, కాలి కింద కిర్రుమంటుంది. అది కాస్త పట్టు ఇస్తుంది, వేగం తగ్గినా భయం తక్కువ. మధ్యాహ్నం ఎండకు కరిగి మళ్లీ రాత్రికి గడ్డకట్టినది వేరు. దాన్ని గడ్డమంచు అందాం. అందులోనూ పల్చగా, గాజు పొరలా నేల రంగే కనిపించేటట్టు పరుచుకునేదాన్ని బ్లాక్ ఐస్ అంటారు, తడిసిన ట్రాక్‌కూ దానికీ కంటితో తేడా తెలియదు. అన్నింటికంటే ప్రమాదకరమైనది సున్నా డిగ్రీల దరిదాపుల్లో గడ్డ మీద నీటి పొర నిలిచినప్పుడు. చలి పెరిగితే ప్రమాదం పెరుగుతుందని మనవాళ్లు అనుకుంటారు కానీ, జారడం వరకు చూస్తే మైనస్ 12 కంటే సున్నా దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మినియాపొలిస్‌లో ఈ రోజుల్లో సూర్యోదయం దాదాపు 7 గంటల 50 నిమిషాలకు అవుతుంది. అంటే మీ అమ్మాయి ఏడు గంటలకు చీకట్లో, రాత్రంతా బిగుసుకున్న నేల మీద పరుగెత్తింది. అదే సాధన మధ్యాహ్నం ఒంటిగంటకు చేసి ఉంటే నేల కనిపించేది, కొంత ఎండి కూడా ఉండేది. ముందు వేళ మార్చండి.

రావులపాలెం వంతెన, రావులపాలెం

అమ్మాయి త్వరగా కోలుకోవాలి. అయితే నాకొక భిన్నాభిప్రాయం ఉంది, తప్పుగా అనుకోవద్దు. అక్కడ మంచు నెలల తరబడి ఉంటుంది. పడిన ప్రతిసారీ ట్రాక్ మానేస్తే ఏప్రిల్ నాటికి కాళ్లలో వేగమే మిగలదు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో 5000, 10000 మీటర్లతో పాటు మారథాన్ కూడా గెలిచిన ఎమిల్ జటోపెక్ సైనిక బూట్లు వేసుకుని మంచులో పరుగెత్తినవాడు. మనమూ శ్రావణంలో గట్ల మీద బురదలో పరుగెత్తే పెరిగాం. 92 సెకన్లు కాకపోతే 96 కానివ్వండి, కానీ ట్రాక్ మీద 400 మీటర్లు 8 సార్లు అన్నది వదలకూడదని నా అభిప్రాయం. గడియారాన్ని ఒకసారి వదిలితే మళ్లీ దాని దగ్గరికి రావడం కష్టం.

రాజోలు బిడ్డ, ఎడ్మంటన్

రావులపాలెం అన్నయ్యా, మీ మాటలోని పట్టుదల నాకు ఇష్టమే, కానీ ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. కెనడాలో ఇది నాకు తొమ్మిదో చలికాలం. జటోపెక్ మంచులో పరుగెత్తింది నిజమే. ఆయన బరువైన బూట్లు తొడుక్కుని శ్రమ కోసం పరుగెత్తాడు, నున్నని గడ్డ మీద పల్చని షూతో సెకన్లు లెక్కపెట్టుకుంటూ మలుపులు తిరగలేదు. బరువు, మెత్తదనం ఉన్న మంచు కాళ్లను అలసిపోయేలా చేస్తుంది, గడ్డమంచు కాళ్లను లాగేస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

అసలు ఈ సాధన దేనికో చూద్దాం. 92 సెకన్ల చొప్పున 8 సార్లంటే సుమారు 12 నిమిషాలపాటు గుండె, ఊపిరితిత్తులు గట్టిగా పనిచేయాలి. ఆ 12 నిమిషాల శ్రమే శరీరానికి లెక్క, దూరం కాదు. జారే నేల మీద 92 సెకన్ల కోసం పోరాడితే ఊపిరి కంటే ముందు కాళ్లు వెనక్కి తగ్గుతాయి. పడకుండా నిలబడడానికి పిక్కలు, తొడ లోపలి కండరాలు బిగుసుకుంటాయి కాబట్టి అడుగు చిన్నదవుతుంది. గుండెకు అందవలసిన శ్రమ అందదు, కాళ్లకు అక్కరలేని దెబ్బ తగులుతుంది. పైగా పడకపోయినా ఒక్క జారుతో గజ్జ దగ్గర కండరం పట్టేస్తే మూడు వారాలు పోతాయి. అన్నయ్య అన్న "మానేయకూడదు" అన్న మాట నిలబడాలంటే, గురువారం సాధనను ట్రాక్‌కు కట్టివేయకూడదు.

నేను చేసేది ఇది. ఇసుకో, చిన్న కంకరో చల్లిన ఎత్తుదారి ఒకటి చూసుకుంటాను. 90 సెకన్లు గట్టిగా ఎక్కి, నడుస్తూ దిగుతాను. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, శ్రమ ఎక్కువ. జారినా ముందుకు చేతుల మీద పడతామే కాని వెల్లకిలా పడం. దిగేటప్పుడు మాత్రం పరుగెత్తకూడదు, నేను చూసిన పడడాలలో ఎక్కువ భాగం విశ్రాంతి వేళలో, ఏమరుపాటుగా దిగుతున్నప్పుడు జరిగినవే. ఇక ఉప్పు చల్లారు కదా అని నమ్మవద్దు. సుమారు మైనస్ 9 దాటితే మామూలు ఉప్పు మంచును కరిగించడంలో బాగా నెమ్మదిస్తుంది.

గాలి సంగతి కూడా చెప్పాలి. రోడ్డు మీదైతే మొదట గాలికి ఎదురు వెళ్లి, చెమట పట్టాక గాలిని వీపున పెట్టుకుని తిరిగి రావచ్చు. ట్రాక్ మీద ప్రతి రౌండ్‌లోనూ ఒక సగం ఎదురుగాలే. మధ్యలో ఆగి నిలబడితే చెమట తడి చల్లబడి ఒళ్లంతా వణుకు పుడుతుంది. గాలి తోడై చలి మైనస్ 28లా అనిపించే రోజుల్లో బయటి చర్మం అరగంటలోపే చలికాటుకు గురయ్యే ప్రమాదం ఉందని ఇక్కడి వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. అలాంటి రోజు ట్రెడ్‌మిల్ వాలును 1 శాతానికి పెట్టి ఇంట్లోనే ముగించాలి. బయట ఉండే గాలి నిరోధం ట్రెడ్‌మిల్ మీద ఉండదు, ఆ లోటును ఆ ఒక్క శాతం దాదాపుగా పూడుస్తుంది.

కాలువ గట్టు, తణుకు

నేను పరుగు మనిషినైనా వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును. మేష్టారు రాసిన దాంట్లో "మలుపు తిరుగుతూ" అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. ఆమె లోపలి లేన్‌లో పరుగెత్తి ఉంటుందని నా ఊహ.

వాననీరు నిలవకుండా ట్రాక్‌ను లోపలి వైపుకు కొద్దిగా వాలుగా వేస్తారు, ఆ వాలు నూటికి ఒకటి మించకూడదని నియమం. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు, 8 లేన్లకు 9.76 మీటర్లు, అంటే లోపలి అంచు బయటి అంచు కంటే పది సెంటీమీటర్ల దాకా పల్లంగా ఉండవచ్చు. మన చేలో నీరు ఎటు పోతుందో ఇక్కడా అటే పోతుంది. పగలు కరిగిన నీరంతా ఒకటో లేన్ అంచుకు చేరి, రాత్రికి అక్కడే బిగుసుకుంటుంది. అందరూ పరుగెత్తాలనుకునే లేనే అన్నింటికంటే చెడ్డది అవుతుంది.

దానికి మలుపు తోడయింది. మలుపు వ్యాసార్ధం 36.5 మీటర్లు, ఆమె వేగం సెకనుకు సుమారు 4.35 మీటర్లు. లెక్క కడితే మలుపు తిరగడానికి మాత్రమే శరీర బరువులో దాదాపు 19వ వంతు బలాన్ని నేల పక్కనుంచి ఇవ్వాలి. పొడి ట్రాక్ మీద ఇది లెక్కలోకి రాదు. నీటి పొర ఉన్న గడ్డమంచు ఇచ్చే మొత్తం పట్టు బరువులో పదో వంతుకు మించకపోతే, ముందుకు తోసుకోవడానికి ఏం మిగులుతుంది? తిన్నని భాగం ఒక్కొక్కటి 84.39 మీటర్లు ఉంటుంది. మలుపుల్లో నడిచి, తిన్నని భాగాల్లో మాత్రమే పరుగెత్తే సాధన ఒకటి ఆలోచించవచ్చు.

బయటి లేన్‌లో పరుగెత్తితే కాలాన్ని సరిచేసుకోవాలి. ఆరో లేన్‌లో ఒక చుట్టు దాదాపు 438 మీటర్లు. 92 సెకన్ల వేగమే ఉంచితే అక్కడ 101 సెకన్లు పడుతుంది. ఇది తెలియక కొందరు "నెమ్మదించాను" అని బాధపడి అనవసరంగా వేగం పెంచుతారు.

కోనసీమ మేష్టారు, అమలాపురం

తణుకు బాబూ, మీరు చెప్పినట్లే ఆమె ఒకటో లేన్‌లోనే పడిందట. ఇప్పుడే అడిగి తెలుసుకున్నాను.

మీ అందరి మాటలు చదివాక నిన్న మా పిల్లలను దాళ్వా నాట్లు పడుతున్న చేలవైపు తీసుకెళ్లి తడి గట్టు మీద మెల్లగా పరుగెత్తించి చూశాను. చెప్పకుండానే వాళ్లు అడుగు చిన్నది చేసుకున్నారు, మడమ ముందుకు చాపడం మానేశారు, పాదం నడుము కిందే పడింది, చేతులు కొంచెం ఎడంగా వచ్చాయి. ఈ నడకనే అమ్మాయికి నేర్పితే సరిపోతుందా? ఇంకొక సంగతి. పరుగు ఆపిన కాసేపటికి ఆమెకు పొడిదగ్గు వస్తోందట, ఇక్కడున్నప్పుడు ఎన్నడూ లేదు. వైద్యులెవరైనా ఉంటే చెప్పగలరు.

పాలకొల్లు పరుగు, పాలకొల్లు

చాలా మంచి పని చేశారు మేష్టారూ. చిన్న అడుగు, నడుము కింద పాదం, ఈ రెండూ అక్కడికీ పనికొస్తాయి. ఒక్కటి పనికిరాదు. గట్టు మీద మన పిల్లలు బొటనవేలు బురదలో గుచ్చి పట్టు తెచ్చుకుంటారు. గడ్డమంచులో వేలు దిగదు. అక్కడ వేళ్ల మీద బరువు వేసి తోసుకుంటే కాలు వెనక్కి పోతుంది. పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, తోపు తగ్గించాలి. పోలిక కావాలంటే గట్టు కంటే పాచి పట్టిన రేవు మెట్లు దగ్గర. బిందెతో నీళ్లు మోసిన మన అమ్మమ్మలు ఆ మెట్ల మీద పాదం ఎలా పెట్టేవారో గుర్తు చేసుకోండి.

షూ గురించి. ఫిన్లాండ్‌లో అడుగున చిన్న లోహపు మొలలున్న షూ చలికాలమంతా వాడతారు, మొలల మొన గట్టి లోహంతో ఉంటుంది. కొందరు పాత షూ అడుగుకు పొట్టి రేకు మరలు బిగించుకుంటారు, మర తల అంచులే పట్టు ఇస్తాయి. కానీ ఇవి రోడ్డుకూ బాటకూ మాత్రమే. సింథటిక్ ట్రాక్ మీద వేస్తే పై పొర చిరుగుతుంది, చాలాచోట్ల అనుమతించరు కూడా. ఇనుప పారలతో మంచు గీకడాన్నీ, ఉప్పు చల్లడాన్నీ అందుకే వద్దంటారు.

ఊపిరి, కాకినాడ

నేను శ్వాసకోశ వైద్యురాలిని. అమ్మాయిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం తగదు కాబట్టి, జరిగే తీరు మాత్రం వివరిస్తాను.

మనం పీల్చిన గాలి ఊపిరితిత్తులకు చేరేలోగా వెచ్చబడాలి, తడి కావాలి. గడ్డకట్టే చలిలో గాలిలో తేమ చాలా తక్కువ. ఇంటర్వెల్స్‌లో నోటితో నిమిషానికి ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాం కనుక, శ్వాసనాళాల లోపలి పొర ఆరిపోతుంది. కొందరిలో దానివల్ల నాళాలు ముడుచుకుంటాయి. అది పరుగు మధ్యలో కంటే ఆపిన ఐదు పది నిమిషాలకు, దగ్గుగా, ఛాతీ బిగుతుగా, ఒక్కోసారి పిల్లికూతగా బయటపడుతుంది. ఉక్కపోసే కోనసీమ గాలిలో ఎన్నడూ కనబడని ఇబ్బంది అక్కడ మొదటిసారి కనబడడం ఆశ్చర్యం కాదు. చాలామంది దీన్ని జలుబు అనుకుని వదిలేస్తారు. మళ్లీ వస్తే అక్కడి వైద్యుల దగ్గర శ్వాస పరీక్ష చేయించాలి. ఎవరిదో ఇన్‌హేలర్ అడిగి వాడకూడదు.

ఈలోగా చేయదగ్గవి ఉన్నాయి. వార్మప్‌ను కనీసం 20 నిమిషాలకు పెంచాలి, మొదటి సగం లోపలే చేసి బయటకు రావడం మేలు. ముక్కూ నోరూ కప్పే పల్చని అల్లిక గుడ్డ కట్టుకుంటే వదిలిన ఊపిరిలోని వెచ్చదనం, తడి కొంత తిరిగి అందుతాయి. చివరి రౌండ్ అయ్యాక ఒక్కసారిగా ఆగకూడదు. క్రాస్ కంట్రీ స్కీయింగ్ పోటీలకే అంతర్జాతీయ స్కీ సమాఖ్య మైనస్ 20 హద్దు పెట్టింది, కాబట్టి సాధన కోసం ఆ దరిదాపులకు పోనక్కర్లేదు.

కౌశిక ఒడ్డు, మినియాపొలిస్

అందరికీ నమస్కారం. ఈ చర్చ నా గురించేనని మావయ్య లింకు పంపితే తెలిసింది. మణికట్టు వాపు తగ్గింది. మావయ్యా, మంచు అంటే ఏ మంచో నేను చెప్పలేదు, మీరు ఒక్కరే తప్పు మోయకండి.

ఇవాళ మధ్యాహ్నం ట్రాక్ చుట్టూ నెమ్మదిగా నడిచి చూశాను. ఒకటి, రెండు లేన్లు గాజులా ఉన్నాయి. ఎండ తగిలే తిన్నని భాగంలో 5 నుంచి 8 లేన్ల వరకు పొడిగా ఉంది. నేను పడిన మలుపు మీద భవనం నీడ రోజంతా పడుతుంది, అక్కడ ఎనిమిదో లేన్ కూడా గడ్డే. నాకు ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద గంటసేపు గోడను చూస్తూ పరుగెత్తడం ఇష్టం లేదు. పగలు రెండు గంటలైనా బయట ఉండకపోతే ఈ చలికాలం మనసుకు బరువుగా ఉంటోంది. ఇక్కడ మిడ్‌టౌన్ గ్రీన్‌వే అని పాత రైలుమార్గంలో వేసిన సుమారు 9 కిలోమీటర్ల బాట ఉంది, మంచు పడ్డాక దాన్ని శుభ్రం చేస్తారు. చాలా భాగం వీధికంటే పల్లంలో ఉంటుంది, గాలి తక్కువ తగులుతుంది. అక్కడ చేయవచ్చా?

రావులపాలెం వంతెన, రావులపాలెం

అమ్మా, నువ్వే వచ్చి రాసినందుకు సంతోషం. నీడ మలుపు గురించి చదివాక ట్రాక్ మీదే చేయాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గడియారం గురించి మాత్రం నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. దూరాన్ని కొలవలేకపోయినా కాలాన్ని కొలవవచ్చు కదా, ఎన్ని సెకన్లు గట్టిగా పరుగెత్తిందో రాసి పెట్టుకోవాలి.

కోనసీమ మేష్టారు, అమలాపురం

ఆ మాట నాకు నచ్చింది. 1930లలో స్వీడన్ శిక్షకుడు గోస్టా హోల్మెర్ రూపొందించిన ఫార్ట్‌లెక్ గురించి శిక్షణలో చదువుకున్నాను. ఆ మాటకు వేగంతో ఆట అని అర్థం. ట్రాక్ లేకుండా, దారినిబట్టి వేగం పెంచుతూ తగ్గిస్తూ పోయే సాధన. ఇన్నేళ్లూ దాన్ని పిల్లలకు వినోదంగా మాత్రమే పెట్టాను. మంచు దేశంలో పుట్టిన పద్ధతి అన్న సంగతి ఇప్పుడు వేరుగా అర్థమవుతోంది.

అమ్మా, వచ్చే గురువారానికి ఇలా రాస్తున్నాను. వేళ మధ్యాహ్నం ఒంటిగంట. ఇంట్లో పది నిమిషాలు కదలికలు, గ్రీన్‌వే మీద పదిహేను నిమిషాలు తేలిక పరుగు. ఆ పదిహేను నిమిషాల్లో నేలను చూసి పెట్టుకో, వంతెనల కింద నీడ ఉన్నచోట్లను గుర్తుంచుకో. తర్వాత 90 సెకన్లు గట్టిగా, రెండు నిమిషాలు తేలికగా, 8 సార్లు. గట్టిగా అంటే రెండు మూడు మాటలకంటే ఎక్కువ మాట్లాడలేనంత. దూరం చూడవద్దు. నీడ వస్తే మధ్యలోనైనా వేగం తగ్గించు, ఆ రౌండ్ పోయిందనుకోకు, మిగిలిన సెకన్లు నీడ దాటాక పూర్తిచేయి. నూలు బట్ట ఒంటికి తగలనివ్వకు, చెమట పట్టి వదలదు. నాలుగో రౌండ్ తర్వాత దగ్గు వస్తే ఆపి ఇంటికి వెళ్లు. బయలుదేరే ముందు ఏ మంచో నాకు రాయి. పొడిమంచు, తడిమంచు, గడ్డమంచు, పొగమంచు, ఈ నాలుగు మాటల్లో ఒకటి ఉండాలి.

రాజోలు బిడ్డ, ఎడ్మంటన్

మేష్టారూ, ఈ సాధనలో మార్చవలసింది ఏమీ కనిపించలేదు. చెల్లెమ్మా, రెండో జత చేతి తొడుగులు జేబులో పెట్టుకో. మొదటి జత నాలుగో రౌండ్‌కే తడుస్తుంది.

కౌశిక ఒడ్డు, మినియాపొలిస్

గురువారం, మధ్యాహ్నం 12:40. మైనస్ 11 డిగ్రీలు, గాలి చాలా తక్కువ. బాట మీద పొడిమంచు పల్చగా ఉంది, రెండు వంతెనల కింద గడ్డమంచు. మొలల షూ వేసుకున్నాను, రెండో జత జేబులో ఉంది. మావయ్యా, మీకు అర్ధరాత్రి దాటిందని తెలుసు, పొద్దున్న చూస్తారని రాస్తున్నాను.

కోనసీమ మేష్టారు, అమలాపురం

మేలుకునే ఉన్నానమ్మా. బయలుదేరు. వంతెనల కింద నడిచే వెళ్లు.

కౌశిక ఒడ్డు, మినియాపొలిస్

ఎనిమిదీ పూర్తయ్యాయి. ఆరో రౌండ్ వంతెన దగ్గర 50 సెకన్లకే ఆపి, అవతల 40 సెకన్లు పూర్తిచేశాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను, ఆపిన పది నిమిషాలకు కొద్దిగా దగ్గు వచ్చి పోయింది. సోమవారం శ్వాస పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.